అన్నీ ఒక్కసారే చెప్పిన అక్కయ్యగారు

ముప్పై నాలుగు సంవత్సరాల క్రితం, జూన్ నాలుగో తేదీ ఉదయం, మన విదేశీ వ్యాపారాల నమోదు కార్యాలయంలో గుమాస్తాగా చేరిన అక్కయ్యగారు ఈ నెలాఖరున ఉప నమోదు అధికారిణిగా పదవీ విరమణ చేస్తున్నారు. పై అధికారులు మొదలుకొని కాపలాదారు వరకు అందరికీ ఆమె అక్కయ్యగారే. ఆమెకంటే ఏడేళ్ళు పెద్దవారైన రికార్డుల గుమాస్తా సైతం అలాగే పిలిచేవారు.

తొలి పదేళ్ళలోనే ఆమె నియమావళిని ఔపోసన పట్టారు. పరాయి దేశం నుంచి వచ్చి ఇక్కడ వ్యాపారం పెట్టదలచినవారికి నివాసానుమతి, పన్ను సంఖ్య, దుకాణపు అద్దె ఒప్పందం, స్వదేశపు ధ్రువపత్రాలకు ముద్ర పడిన అనువాదం, వీటిలో ఏది కొరవడినా దరఖాస్తు ఆమె బల్ల దాటేది కాదు. అయితే ఆ రోజుల్లో మన కార్యాలయంలో ఒక ఆనవాయితీ ఉండేది. మొదటి లోపం కనబడగానే చదవడం ఆపి, దరఖాస్తును తిప్పిపంపేవారు. అక్కయ్యగారూ దానిని నిష్ఠగా పాటించారు.

పదకొండో ఏట, సైకిళ్ళు బాగుచేసే ఒక విదేశీయుడు దరఖాస్తు పెట్టుకున్నారు. మొదటిసారి అనువాదానికి ముద్ర లేదని, రెండోసారి పన్ను సంఖ్య లేదని, మూడోసారి అద్దె ఒప్పందం లేదని అక్కయ్యగారు ఆయనను తిప్పిపంపారు. నాలుగోసారి భార్య కూడా వెంట వచ్చింది. వారి నివాసానుమతి గడువు ఇక తొమ్మిది రోజులే; ఆలోగా నమోదు కాకపోతే బడికి వెళ్తున్న ఇద్దరు ఆడపిల్లలతో సహా దేశం విడిచిపోవాలి.

"నమోదు పత్రం చూపిస్తేగానీ అద్దెకివ్వనంటాడు దుకాణం ఓనరు. అద్దె కాగితం తెస్తేగానీ నమోదు కుదరదంటారు మీరు. మేమెక్కడికి పోవాలమ్మా? అయినా, కావాల్సినవన్నీ మొదటిరోజే చెప్తే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?" అని ఆ ఇల్లాలు నిలదీసింది.

అక్కయ్యగారికి సిగ్గు వేసింది. ఆ దరఖాస్తును మొదటిసారిగా ఆసాంతం చదివారు. భోజన విరామంలో ఆ దంపతులను వెంటబెట్టుకొని దుకాణపు యజమాని దగ్గరకు వెళ్ళి, నమోదు జరిగిన రోజు నుంచే అమలయ్యేలా ఒప్పందం రాసుకోవడానికి ఏ నియమమూ అడ్డు రాదని పుస్తకం తెరిచి చూపించారు.

"ఇంత లావు పుస్తకంలో మాకు పనికొచ్చే ముక్క ఒక్కటుందన్నమాట!" అంటూ దుకాణపు యజమాని సంతకం చేశారు.

"మన పని నియమాలు చెప్పడమేనమ్మా, దారులు చూపించడం కాదు" అని నాటి అధికారి మందలించారు.

"దారి లేని నియమం చెప్పి ఏం లాభం సార్?" అన్నారు అక్కయ్యగారు. ఐదో రోజున నమోదు పత్రం చేతికందింది. దానిని చూపి ఆ కుటుంబం నివాసానుమతిని పొడిగించుకుంది.

ఆ వారమే ఆమె కావలసిన పత్రాలన్నింటినీ, ఏది ముందు ఏది వెనుక అన్న వరుసతో సహా, ఒకే కాగితం మీద రాసిపెట్టారు. నేటికీ మన గడప తొక్కినవారికి మొదట అందేది ఆ కాగితమే. అటుపై పర్యవేక్షకురాలిగా, ఉప అధికారిణిగా ఎదిగిన ఆమె, కొత్తగా చేరిన ప్రతి ఉద్యోగికీ మొదట దానినే కంఠస్థం చేయించారు. ఈ పద్ధతి ఇంటికీ పాకిందని ఆమె భర్తగారి ఫిర్యాదు: "ఇదివరకు నా తప్పులు రోజుకొకటి చెప్పేది. ఇప్పుడు అన్నీ ఒక్కసారే!"

ఈ వ్యాసపు చిత్తుప్రతిలో ఆ మూడుసార్లు తిప్పిపంపిన సంగతిని మర్యాద కోసం వదిలేశాము. చదివిన అక్కయ్యగారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"అది తీసేస్తే ఇంకేముందండీ? ఆయన నాలుగోసారి వచ్చాడు కాబట్టి సరిపోయింది. అంతకుముందు పదేళ్ళలో మూడుసార్లు తిరిగి ఇక రాకుండా పోయినవాళ్ళున్నారు. వాళ్ళ మొహాలు కూడా నాకు గుర్తులేవు."

ఆమె కోరినట్లే ఉన్నదున్నట్లు అచ్చువేస్తున్నాము. తన పొరపాటును తన సన్మాన సంచికలోనే రాయించిన అక్కయ్యగారు, చూపు మందగించక, మోకాళ్ళు మొరాయించక, భర్తగారిని రోజూ మందలిస్తూ, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు హాయిగా వర్ధిల్లాలని మనసారా ఆకాంక్షిస్తున్నాము.