పగుల్లో పడ్డ ఎలుగు

గ్రీన్లాండుకూ కెనడాకూ నడుమ, గడ్డకట్టిన సముద్రంలో ఉన్న ఆ బోడి దీవిని దేవుడు ఏ దేశాన్ని అడిగి పెట్టాడన్న సందేహం ఆ గ్రీన్లాండు వేటగాడికి ఏళ్ళ తరబడి ఉంది. ఆ పూట అతను దీవి మీద కుక్కలకు తిండి పెడుతుంటే, కెనడా వైపు నుంచి అతని అక్క మొగుడు మంచుబండి మీద కేకలు పెడుతూ వచ్చాడు.

"బామ్మర్దీ, తేలిపోయిందిరా! రేడియోలో చెప్పారు. దీవిని రెండు దేశాలకీ పంచేశారు!"

"ఈ రాయినా? ఎక్కడ కోశారు బావా?"

"ఇదిగో, ఈ పగులు వెంబడే. అటు మీది, ఇటు మాది."

"అయితే నేనిక ఇటు కాలు పెట్టకూడదా? వేట లేకపోతే నా పిల్లలేం తింటారు?"

"పిచ్చోడా, మనవాళ్ళు ఎప్పట్లాగే ఎటైనా తిరగొచ్చు, వేటాడొచ్చు. అదీ రాసుకున్నారు!"

"ప్రభువుకి స్తోత్రం! మరి అప్పుడెప్పుడో ఈ దీవి మీద దొరికిన నా తెల్ల ఎలుగు మాటేంటి? ముందు చూసినవాడిదే కదా తోలు. చూసింది నేను, కొట్టింది నువ్వు, తోలేమో నీ ఇంట్లో!"

"ఇస్తే దీవి మీదేనని ఒప్పుకున్నట్టని మా ఊరంతా అడ్డం పడిందిరా."

"ఇప్పుడో? అది పడింది ఈ పగుల్లోనే!"

"అందుకే వార్త వినగానే మీ అక్క పెట్టెలోంచి తీసిచ్చింది. పట్టుకో."

మూటలో ఎలుగుతోలు లాగు ఉంది. అతను అక్కడే ఆత్రంగా తొడుక్కున్నాడు.

"బిగుతుగా ఉంది బావా!"

"మీ అక్క అప్పటి నీ కొలతకి ఎప్పుడో కుట్టింది. నీ పొట్టకి నాది పూచీ కాదు. బాకీ తీరిందా లేదా?"

"తీరింది," అంటూ అతను ఊపిరి బిగబట్టి ముడి వేసుకున్నాడు.