తొమ్మిదో గీత

1993 జూలై, మధ్యాహ్నం. అలబామాలో ఇనుప కొలుములు చల్లారిపోయిన ఒక ఊరు. ఒకప్పుడు బేస్‌బాల్‌లో విసిరే బంతుల్ని పట్టే క్యాచర్‌గా ఆడిన ఎజెల్ మేబ్రీ ఇంటి వరండాలో ముగ్గురు కూర్చున్నారు: ఎజెల్, అతని భార్య వెర్లీన్, పాత ఆటగాళ్ళ సంతకాలు పోగుచేసే రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్ కర్టిస్ హాలిన్స్.

"పెట్టనని చెప్పాను కదా. ఎన్నిసార్లడిగినా అంతే."

"ఒక్క సంతకం, మేబ్రీ గారూ. ఈ కాగితంలో మీకు నష్టమయ్యేది ఏమీ లేదు. ఇంకోసారి చదివి వినిపించనా?"

"ఏం, నాకు చదవడం రాదనుకున్నావా?"

"అయ్యో, నేనలా అన్లేదు."

"ఐసు వేసిన టీ తాగు కర్టిస్, వేడెక్కిపోతోంది. ఎజెల్, ఆయన్ని కసరకు. ఇంటికొచ్చిన మనిషి."

"ఇంటికొచ్చిన మనిషి ఈ ఇంట్లో దొంగని పట్టుకోడానికొచ్చాడు, వెర్లీన్."

"దొంగ అన్నాను గానీ ఈ ఇంట్లో అన్లేదండీ. మీ పేరుతో ఎవడో దొంగ సంతకాలు పెడుతున్నాడు. ఇదిగో, క్రిస్మస్‌కి నాకొచ్చిన కార్డు. మీ పేరే ఉంది. కానీ ఈ అక్షరాలు చూడండి. ఒకటి గోడెక్కుతోంది, ఒకటి గోతిలో పడుతోంది."

"పడనీ."

"తొమ్మిదేళ్ళుగా మీరు పంపించిన సంతకాలు ఎంత ముచ్చటగా ఉంటాయో! రెండు రకాలూ నిపుణుడికి పంపాను. పాతవన్నీ అసలువి, కొత్తది నకిలీ అని రాసిచ్చాడు. అదే మాట మీరూ ఒప్పుకుని సంతకం పెడితే, శనివారం లైబ్రరీలో మన నల్లవాళ్ళ లీగు ప్రదర్శనలో మీ అద్దాల పెట్టె ఉంటుంది. పెట్టకపోతే మీ పేరు తీసేసి మిగతా ఎనిమిది మందితో కానిచ్చేస్తారు."

"ఏ లైబ్రరీ?"

"కోర్టు పక్కనుందే, అది."

"దాని మెట్లకి కాంక్రీటు పోసింది నేను. ఆటల్లేని చలికాలం. తడారే దాకా కాపలా కూడా నన్నే ఉండమన్నారు. ఆరాక ఎక్కనివ్వలేదు."

"అందుకేనండీ నేను కొట్లాడేది. ఇప్పుడు మీ పేరు లోపలుండాలి."

"కర్టిస్, ఆ కాగితం ఇలా ఇవ్వు. లోపల బల్ల మీద పెట్టించి తెస్తాను. పక్కన ఎవరైనా చూస్తుంటే ఈయనకి చెయ్యాడదు."

"నా కళ్ళ ముందే పెట్టాలన్నారండీ, వెర్లీన్ గారూ. సాక్షిగా కింద నేనూ పెట్టాలి."

"కళ్ళజోడు కూడా లోపలే ఉంది మరి."

"నా కళ్ళజోడు నా ముక్కు మీదుంది, వెర్లీన్."

"అది దూరానికి."

"నాకున్నదే ఒక కళ్ళజోడు."

"చూశావా కర్టిస్, ఈ మనిషితో నలభై ఆరేళ్ళు వేగాను."

"మేబ్రీ గారూ, ఒకటడుగుతాను, ఏమనుకోకండి. క్యాచర్ల వేళ్ళు ఎలా అయిపోతాయో నాకు తెలుసు. మీవి అన్నీ విరిగి అతుక్కున్నవే. అందుకేమైనా రాత మారిందా? అలాగైతే అదే రాయిద్దాం."

"అదే, అదే. వేళ్ళే. రాసేయ్ కర్టిస్."

"కాదు. ఈ వేళ్ళు విరిగి యాభై ఏళ్ళయింది. చేసిన తప్పంతా తెచ్చి వాటి మీద రుద్దకండి. అవి ఒక్కరోజు కూడా నాకు ఎదురు చెప్పలేదు."

"మీకు నా మీద అంత కోపమేంటండీ? న్యాయంగా అయితే కోపం ఉండాల్సింది నాకు."

"నీకెందుకు?"

"1941. నాకు పదేళ్ళు. మన ఊళ్ళోనే ఆట, మీ స్మెల్టర్స్ జట్టు గెలిచింది. తొమ్మిది మంది ఆటగాళ్ళకీ తలా ఒక గీత ఉన్న ఆట కార్డు చేతిలో పట్టుకుని మీ బస్సు దగ్గర నిలబడ్డాను. రోస్కో టిబ్స్ 'ఇలా తే' అని లాక్కుని బస్సెక్కాడు."

"రోస్కో! ఎడమ చేత్తో విసిరేవాడు. వాడి బంతి పట్టడం నా ఒక్కడి వల్లే అయ్యేది."

"అయిదు నిమిషాల్లో ఎనిమిది సంతకాలతో కార్డు తెచ్చిచ్చాడు. 'క్యాచర్‌ది మాత్రం నువ్వే అడుక్కో' అన్నాడు. మీరు బస్సు మెట్టు దగ్గర నిలబడి సోడా తాగుతున్నారు. పెన్సిల్ చాపాను. మీరు నన్ను చూశారు, పెన్సిల్ని చూశారు. సోడా సీసా నా చేతిలో పెట్టి ఎక్కి వెళ్ళిపోయారు."

"తాగావా?"

"ఏంటండీ?"

"సోడా."

"తాగాను. ఏడుస్తూ తాగాను. ఆ తర్వాత నలభై ఏళ్ళు మీ పేరెత్తితే పొగరుబోతు అన్నాను. చివరికి ఎనభై నాలుగులో మీ అడ్రసు సంపాదించి, మిమ్మల్ని కడిగేస్తూ ఉత్తరం రాశాను. మీరు జవాబిచ్చారు. దాంతో నా మనసు కుదుటపడింది. ఈ సంతకాలు పోగెయ్యడం కూడా అక్కణ్ణించే మొదలు."

"ఏమని రాశాను?"

"మర్చిపోయారా? నా జేబులోనే ఉంది."

"కర్టిస్, పీచ్ పళ్ళు వేసి కాబ్లర్ చేశాను, ఒక ముక్క వేడిగా..."

"కూర్చో, వెర్లీన్. నువ్వు చదువు నాయనా."

"'ప్రియమైన కర్టిస్, ఆ రోజు నీ పెన్సిల్ చూసి భయపడ్డాను. నీ మీద చిన్నచూపుతో కాదు. ఒక పిల్లాణ్ణి ఏడిపించానని ఇన్నేళ్ళూ నాకు తెలీదు. నన్ను క్షమించు. ఎజెల్ మేబ్రీ.'"

"మళ్ళీ చదువు."

"మొత్తమా?"

"భయపడ్డాననే ముక్క."

"'నీ పెన్సిల్ చూసి భయపడ్డాను.'"

"వెర్లీన్, నేను భయపడ్డానని నీతో ఎప్పుడన్నాను?"

"అన్లేదు."

"మరి?"

"అనాలా ఏంటి? బ్యాంకులో చూశాను. ఆసుపత్రిలో చూశాను. పెళ్ళినాడు రిజిస్టరు ముందర చూశాను. రోస్కో బంతి కళ్ళ ముందుకొచ్చినా రెప్ప వెయ్యని వాడివి, చేతికి కలమిస్తే గుమ్మం వైపు చూసేవాడివి."

"ఒక్క నిమిషం. వెర్లీన్ గారూ, ఈ ఉత్తరం..."

"నేనే రాశాను."

"కింద సంతకం?"

"అదీ నేనే. ఆ తొమ్మిదేళ్ళవీ నావే. ఎక్కడెక్కడి వాళ్ళో రాసేవారు కర్టిస్, పిల్లలూ పెద్దలూ. జవాబివ్వకుండా ఎలా పారేస్తాను? ఈయన మళ్ళీ పొగరుబోతు అనిపించుకోవాలా?"

"సంతకాలు పెడుతున్నావని తెలుసు. చూసీ చూడనట్టున్నాను. ఈ ఉత్తరం సంగతి మాత్రం నాకు తెలీదు."

"చెప్తే పంపనిచ్చేవాడివా?"

"ఇచ్చేవాణ్ణి కాదు."

"అంటే మేబ్రీ గారూ... మీకు..."

"నోరు తెరిచి అనెయ్యి, ఫరవాలేదు. నాకు రాయడం రాదు, చదవడం రాదు. డెబ్భై ఆరేళ్ళ వయసు దాకా రాలేదు. మిగతా పిల్లలు పలక పట్టిన వయసులో నేను పత్తి చేలో ఉన్నాను. మా బస్సు మీద జట్టు పేరు ఇంతెత్తున రాసుండేది. నేను రంగు చూసి ఎక్కేవాణ్ణి."

"మరి ఈ క్రిస్మస్ కార్డు?"

"అది నాది."

"ఇదా?"

"అదే, గోడెక్కినదీ గోతిలో పడ్డదీ. ఏడాదిగా ప్రతి బుధవారం చర్చి కింది గదిలో మా డీకన్ కూతురు ముందు కూర్చుంటున్నాను. నా పేరు నాకు లొంగడానికి పదకొండు వారాలు పట్టింది. లొంగాక, మొట్టమొదట ఎవరికి పంపాలా అని ఆలోచించాను. మాకు అందరికంటే ఎక్కువ ఉత్తరాలు రాసేది నువ్వు. నీకు పంపాను. నువ్వు తీసుకెళ్ళి నిపుణుడికి చూపించావు."

"నాకు... నాకెలా తెలుస్తుందండీ..."

"ఏడవకు. ఇవాళ సోడా లేదు."

"కర్టిస్, విన్నావు కదా. ఇది ఈ వరండా దాటకూడదు. ఆ కాగితం ఇవ్వు, నేను పెట్టేస్తాను. నిపుణుడి లెక్కలో నాదే కదా అసలుది. శనివారం ఈయన పేరు అద్దంలో ఉంటుంది, అందరూ చూస్తారు, అయిపోతుంది."

"అద్దంలో ఉండేది నీ చేతిరాత, వెర్లీన్. నా చేతిరాత నకిలీ అని నేనే ఒప్పుకున్నట్టు."

"నలభై ఆరేళ్ళు కాపాడాను నీ పరువు. ఒక్క మధ్యాహ్నంలో పారబోస్తావా?"

"కాపాడావు. కాపాడి కాపాడి అలిసిపోయావు, నేను చూళ్ళేదనుకున్నావా? హోటల్లో మెనూ ఇస్తే, నేను దాన్ని చూస్తూ కూర్చోకుండా 'ఈయనకీ నాదే తెండి' అనేసేదానివి. నలభై ఆరేళ్ళు నీకిష్టమైందే తిన్నాను. నాకు క్యాట్‌ఫిష్ పడదు."

"పడదా? ఆ ముక్క ఇవాళా చెప్పేది?"

"ఇవాళ అన్నీ చెప్తున్నాను కదా, అదీ చెప్పాను. కర్టిస్, ఆ కాగితంలో ఉన్నది కొట్టెయ్. తిరగేసి రాయి. పాత సంతకాలు నా భార్య వెర్లీన్ మేబ్రీ పెట్టినవి. కొత్తది నేను పెట్టింది. కింద సంతకం పెడతాను, నీ ఎదురుగా, పట్టపగలు."

"లైబ్రరీ వాళ్ళు ఒప్పుకోరండీ. నిపుణుడు నకిలీ అన్నాక..."

"నా చేతిరాత నాది కాదనడానికి వాడెవడు? తెల్లవాళ్ళ లీగుల్లోకి రానివ్వకుండా, నువ్వు ఆటగాడివే కాదన్నారు. ఆడాను. మెట్లు పోశాక, అవి నీవి కావన్నారు. దిగి నడిచాను. ఇప్పుడు నీ పేరు నీది కాదంటున్నారు. దీనికి మాత్రం తల ఊపను. పెడితే ఇది పెట్టమను. లేదంటే ఖాళీ పెట్టె పెట్టుకుని చూసుకోమను."

"ఎజెల్, ఊళ్ళో వాళ్ళు..."

"ఊళ్ళో వాళ్ళకి కూడా చెప్పు. చర్చిలో బుధవారం ఇంకా రెండు కుర్చీలు ఖాళీ ఉన్నాయి."

"మేబ్రీ గారూ, కాగితం సంగతి తర్వాత చూద్దాం. ఇది కూడా తెచ్చాను. ఆ రోజు కార్డు. తొమ్మిది గీతలు, ఎనిమిది పేర్లు. ఆఖరి గీత మీది. యాభై రెండేళ్ళుగా అలాగే ఉంది. ఇదిగోండి, పెన్సిల్."

"ఆనాటిదేనా?"

"అది ఎప్పుడో పోయింది. ఇది పోస్టాఫీసుది."

"వెర్లీన్, ఆ పళ్ళెం జరుపు. నా చెయ్యి పట్టుకోకు."

"నీ చెయ్యి కాదు, బల్ల పట్టుకున్నాను. కదుల్తోంది."

"కదల్నీ. ఊపిరి బిగబట్టి నిలబడకు, నాకు భయమేస్తుంది."

"తొందరేం లేదండీ."

"నాకూ లేదు. ... ... అయింది. చూడు నాయనా, గోడెక్కిందా?"

"కొంచెం ఎక్కిందండీ."

"ఉండనీ, దిగక్కర్లేదు. ఆ కార్డు అప్పుడే లాక్కోకు. మావాళ్ళ పేర్లు నన్ను చదవనీ. చెప్పొద్దు వెర్లీన్. లో... లోనీ గ్రేడీ. మూడో బేసు దగ్గర కాసేవాడు. ఏడేళ్ళు బస్సులో వాడి భుజం మీద నిద్రపోయాను, వాడి పేరు ఇలా ఉంటుందని ఇవాళే చూడ్డం. హ్యూబర్ట్... స్టోక్స్. రోస్కో. ... కర్టిస్, వీళ్ళు సంతకాలు పెడుతుంటే నువ్వు చూశావా?"

"లేదండీ. రోస్కో గారు బస్సులోకి పట్టుకెళ్ళారన్నాను కదా."

"మా జట్టులో ఎడమచేతి వాటం వాళ్ళు ఎంతమంది?"

"ఒక్క రోస్కో గారే."

"మరి ఎనిమిది పేర్లూ ఇలా ఎడమకి వాలి పడుకున్నాయేం? బంతి వదిలేటప్పుడు వాడి మణికట్టు సరిగ్గా ఇలాగే వాలేది. ఆ మణికట్టుని నేను ఏడేళ్ళు చదివాను, నాయనా. అదొక్కటీ చదవడం నాకెప్పుడూ వచ్చు."

"అంటే... అందరివీ..."

"ఇద్దరికి రాయడం రాదు. మిగతావాళ్ళు ఆటయ్యాక తిండి మీద పడేవాళ్ళు, తలెత్తి చూసేవాళ్ళే కాదు. అందరికీ వాడే గీకి ఇచ్చేవాడు. 'నీదీ పెట్టెయ్యనా?' అని నన్నూ అడిగాడు. నా పేరు ఇంకొకడి చేత్తో వద్దన్నాను. తర్వాత ఈవిడ చేతికి మాత్రం వద్దని చెప్పలేకపోయాను."

"మేబ్రీ గారూ, ఈ ఎనిమిదీ అసలువేనని నిపుణుడు రాసిచ్చాడండీ. ముద్ర కూడా వేశాడు."

"వేసుకోనీ. ఈ కార్డు మీద సొంత చేత్తో పెట్టినవి రెండే. ఒకటి రోస్కోది. రెండోది, నీ నిపుణుడు నకిలీ అంటాడు చూడు, అది."