దొరసాని వేషం కట్టిన మొగుడు

ఇంకేం చెప్పేది హంపక్కా! నువ్వు శెనక్కాయ బుడ్డలు ఒలుస్తానే విను. నాకొక సవితి వచ్చింది. ఎవురనుకున్యావు? నా మొగుడే!

నవ్వద్దు. ఆ హుస్సేన్ సాహెబు నాటకం కంపెనీ మన ఆత్మకూరులో డేరా వేసిన నాటినుంచీ ఇదే బాధ. వాళ్ల ఆడవేషగాడు జ్వరమొచ్చి పండుకుంటే, గొంతు సన్నగా ఉండాదని మా ఆయప్పను పట్టుకపోయిరి. వేషమేమో జమీందారిణి! చుట్టాల ముందర ఆలుమొగుడూ "ప్రాణనాథా", "ప్రాణేశ్వరీ" అనుకునేది, చుట్టాలు గడప దాటంగానే చెంబులు ఇసురుకునేది. అదీ నాటకం.

ఇంటికొచ్చినా ఆ వేషం దిగదే! మడక దున్నే మనిషి, కుచ్చిళ్లు పట్టుకున్నట్ల పంచె ఎత్తిపట్టి గడప దాటతాడు. సంగటి పెడితే రెండు వేళ్లతో తుంచి, "మాకు ఆకలి లేదు" అంటాడు. మాకంట! లోపల ఎంతమంది ఉండారో!

ఇంతలో సాహెబు "బళ్లారికి రాప్పా, ఊరూరా తిరుగుదాం" అనె. ఈయప్పేమో నాటకం అయినాక చెప్తాననె. పోతే మళ్లా వస్తాడా? బిడ్డా పాపా లేనిదాన్ని, నాకెవురుండారక్కా?

మొన్న నాటకానికి పోయి ఆడోళ్ల పక్క కూర్చుంటి. కడాకు దొరసాని పెట్టె సర్దుకోని, "ఈ ఇంట మేమింక ఒక్క క్షణం ఉండజాలము!" అనె. జమీందారు మూతి తిప్పుకోని "పొండి" అనె. తెర పక్కన సాహెబు నిలబడుకోని నవ్వుతాండాడు. ఈయప్ప ఆ పక్కకే అడుగేసె.

లేచి నిలబడి అరిస్తి. "ఈరన్నా! పోవద్దు! ఇంటికి రా!"

ఔ, మొగుని పేరు పెట్టే పిలిస్తి! పేరు పలికితే మొగునికి ఆయుష్షు తగ్గుతాదని మా అత్త బతికున్నన్నాళ్లూ చెప్పె కదా. ఆడోళ్లందరూ నోటికి కొంగడ్డం పెట్టుకునిరి.

దొరసాని ఇట్లా తిరిగి చూసి, సన్న గొంతు మర్చిపోయి, "ఓయ్! వస్తాండా!" అనె. పెట్టె ఆడ్నే పారేసి, కోక ఎగ్గట్టుకోని, కిందికి దూకి, నా పక్కన వచ్చి కూర్చునె! జనం పొర్లి పొర్లి నవ్విరి. జమీందారు కూడా పొట్ట పట్టుకోని కూలబడె.

తెల్లారి సాహెబు ఇంటికి వస్తే తిట్టేదానికే అనుకుంటి. "మద్దమ్మా, నా కంపెనీ పుట్టినాక ఇంత నవ్వు ఎరగను. నువ్వూ రా తల్లీ. ప్రతి ఊర్లో ఆడోళ్లలో కూర్చోని అట్లే పిలవల్ల, అంతే నీ పని" అనె.

సరే అంటి. ఎల్లుండే బండి కడతారు. మా ఎనుముకు మేతా నీళ్లూ నువ్వే చూసుకోవల్ల, ఆ మాట చెప్పేదానికే వస్తి.

ఏమంటివి? ఆయుష్షా? ఒళ్లు తెలీక నోరు జారిందని ఊరందరికీ చెప్పినాలే. నీకు మాత్రం నిజం చెప్తా, ఎవురితోనూ అనద్దు. ఒళ్లు తెలిసే పిలిస్తి. పెండ్లయిన నాటినుంచీ ఒక్కసారన్నా పిలవల్లని ఉండె అక్కా. ఎంత బాగుండాదో ఆ పేరు!