నాలుగు కమ్మీలకు ఒక్క మేడి

అన్యాయం జరిగింది ఉదయగిరి మాలకొండమ్మకు. జరిగింది 1954 జూలై 5, సోమవారం. ఆ పొద్దు ఆమె తన పడవకారును ఆత్మకూరు బస్టాండు పక్కన షెడ్డు వేసుకున్న మెకానిక్కు కామయ్యకు అప్పగించింది. గేరుకమ్మీ మొదలు దగ్గర వదులైంది, బిగించి రెండు దినాల్లో ఇస్తానన్నాడు. ఆ రెండు దినాలు మూడు నెలలు దాటినా పూర్తి కాలేదు.

పడవకారంటే ఏందో ముందు చెప్పాలి. యుద్ధం అయిపోయినాక మద్రాసులో మిలిటరీ సామాన్లు వేలం వేస్తే, మాలకొండమ్మ పెనిమిటి జనార్దనయ్య పోయి జీపనుకొని పాడుకున్నాడు. ఇంటికి చేరినాక తెలిసింది, అది నేలమీద చక్రాలతో పోతుంది, నీళ్లలో దించితే పడవ మాదిరి తేలుతుంది, వెనకాల ఒక పంకా తిరిగి దాన్ని తోస్తుంది. బిందె ముంచేదానికి నీళ్లు లేని ఉదయగిరికి తేలే కారు తెచ్చినాడని ఊరంతా పొట్ట పట్టుకొని నవ్వింది. నవ్వినవాళ్లంతా తర్వాత ఒక్కొక్కరే వచ్చి పెళ్లి ఊరేగింపులకు అడిగి తీసకపోయినారనుకోండి, అది వేరే సంగతి. జనార్దనయ్య కాలం చేసినాడు. మరుదులు దాన్ని పాతినుముకు తూకం వేస్తామని కూర్చున్నారు. అంతలో సంగం దగ్గర బీరాపేరు వాగు మీద వంతెన కట్టే కాంట్రాక్టరు, వాగు పొంగిన దినాల్లో కూలీలను దాటించేదానికి ఆ కారు బాడుగకు కావాలన్నాడు. షరతు ఒకటే. అక్టోబరు 18, సోమవారం పొద్దున పది లోపల కారు వాగులో దిగి, దాటి, తిరిగి రావాలి. రాకుంటే మంగళవారం తూకమే.

శనివారం మధ్యాహ్నం మాలకొండమ్మ బస్సు దిగి నేరుగా ఆదిలక్ష్మమ్మ టీ అంగడికి వచ్చింది. కామయ్య ఎక్కడుంటాడో ఊరికంతా తెలుసు. షెడ్డులో ఉంటే పని చెయ్యాలి గదా, అందుకని టీ అంగడి బల్ల మీద ఉంటాడు. పక్కన ఉదయగిరి బస్సు డ్రైవరు తిరుపాలు, ఎద్దుల బేరానికి కలిగిరి నుంచి వచ్చిన పెంచలనరసయ్య కూర్చోనున్నారు.

"కామయ్యా, నా కారు యాడుండాది?"

"కూర్చోమ్మా, కూర్చో! ఆదెమ్మక్కా, అమ్మకు టీ. కారు సంగతి అడిగినావు గదా, చెప్తా. అది ఇప్పుడు కారు కాదమ్మా. నేను చెయ్యి పెట్టినాక దాని జాతే మారిపోయింది. మొదట నేను చేసింది చిన్న పనే. గేరుకమ్మీ లొడలొడ అంటా ఉంటే ఊడబెరికి, దాని జాగాలో నల్లతుమ్మ మేడి బిగించినాను. మడక దున్నేటప్పుడు చేత్తో పట్టుకునే మేడే, మా నాయనది. పట్టుకుంటే చేతికి వెన్న మాదిరి ఉంటాది. అంతటితో ఊరుకోవచ్చు. ఇంకొకడైతే ఊరుకుంటాడు."

"ఊరుకోనుంటే బాగుండు," అన్నాడు తిరుపాలు.

"నువ్వుండరా. ఆ బండిలో కమ్మీలు ఎన్ని? నాలుగు! గేరుకొకటి, ముందు చక్రాలకొకటి, బరువు లాగేదానికొకటి, నీళ్లలో పంకా తిప్పేదానికొకటి. మనిషికి చేతులు రెండే గదా! ఆ దొరలకు ఈ మాత్రం లెక్క తెలీలేదు. పెంచలనరసయ్య మావా, నువ్వు చెప్పు, మడక దున్నేటప్పుడు మేడి ఒకటా నాలుగా?"

"ఒకటే," అన్నాడు పెంచలనరసయ్య. ఆ మాటలో అబద్ధమేమీ కనపడక తల కూడా ఊపినాడు.

"ఒక్క మేడితోనే లోతుగా దున్నుతావు, పైపైన దున్నుతావు, మడక తిప్పుతావు, ఎత్తుతావు. అవునా? మరి కారుకెందుకు నాలుగు? కొలిమి రాజేసినాను, ఊడబెరికిన దాంతో కలిపి నాలుగు కమ్మీలూ ఎర్రగా కాల్చి, ఒకదానికొకటి అతికి, పైన మా నాయన మేడి దిగ్గొట్టినాను. ఇంక ఒక్క చెయ్యి చాలు, రెండో చేత్తో బీడీ కాల్చుకోవచ్చు. ఆదెమ్మక్కా, ఆ గరిటె ఇట్టా ఇయ్యి."

"టీ మరగతా ఉండాది, ఇయ్యను."

కామయ్య గరిటె లాక్కున్నాడు. పాల గిన్నెలో నిలబెట్టి చూపించబోయినాడు.

"ఇదిగో మేడి. ఎడమకు నెడితే ముందు చక్రాలు. కుడికి నెడితే బరువు. పైకెత్తితే పంకా. కిందికి నొక్కితే మొదటి గేరు."

"మరి రెండో గేరు?" అన్నాడు తిరుపాలు.

"ఎడమకు నెట్టి కిందికి నొక్కాల."

"అది ముందు చక్రాలు గదా?"

"ముందు చక్రాలకే రెండో గేరు. ఎనక చక్రాలకు మూడోది."

పెంచలనరసయ్య వేళ్లు మడిచి లెక్క పెట్టుకున్నాడు. "అట్టయితే ముందు చక్రాలు రెండో గేర్లో, ఎనక చక్రాలు మూడో గేర్లో ఉంటే, కుంటెద్దునూ కోడెనూ కలిపి కట్టినట్టు కాదూ?"

"అదే మావా అందులో గొప్ప! ఎనకవి తొందరపడి తోస్తా ఉంటాయి, ముందువి నిదానంగా దోవ చూసుకుంటా ఉంటాయి. దసరా పండగనాడు దాన్నేసుకొని సంగం పోయినాను చూడు, బీరాపేరు అంచు కోసకపోతా ఉండాది. వాగు మధ్యలో నెల్లూరు బస్సు, దాన్నిండా జనం, పైన మూటలు, మేకలు. జనం అరుపులు. నేను బీడీ ముట్టించి, మేడి ఎత్తి, దిగినాను. ఆ తర్వాత ఏమైందో తెలుసునా?"

"నా కారు యాడుండాది కామయ్యా?" అంది మాలకొండమ్మ.

"అక్కడికే వస్తా ఉండానమ్మా. దిగినానా, పంకా ముందుకు తోస్తాది, చక్రాలేమో ఎనక్కి తిరగతాయి! అతికేటప్పుడు ఒక కమ్మీ తలకిందులు పడింది లే, అది వేరే మాట. ముందు సగం ఒడ్డుకు పోతానంటాది, ఎనక సగం వాగులోకి పోతానంటాది. నడిమధ్యలో నేను. బండి సాగింది, నిజంగా జానెడు సాగింది! ఇంకొకడైతే దూకేసుండు. నేనేం చేసినాను? మేడి చక్రాలవైపు వంచి, మొహం ఎనక్కి తిప్పుకోని కూర్చున్నాను. అప్పుడు ఎనక ముందవుతాది, ముందు ఎనకవుతాది, అంతా సరిపోతాది."

"ఉండు, ఉండు," అన్నాడు పెంచలనరసయ్య. "నువ్వు తిరిగి కూర్చున్నావు. బండి తిరగలేదు. అట్టయితే బస్సు నీకు ముందుండాదా, ఎనకుండాదా?"

"పక్కనుండాది."

"పక్కకెట్టా వచ్చె?"

"నీళ్లలో పక్కలుండవు మావా, నువ్వు నీళ్లు చూసినోడివైతే గదా!"

ఈ మాటకు కలిగిరి మనిషి మడిచిన వేళ్లు విప్పేసుకున్నాడు. నీళ్ల సంగతిలో ఆ కరువూరివాళ్లను గెలవడం ఎంతసేపు!

"బస్సుకు మోకు కట్టి లాగినాను. డెబ్బైమంది జనం, ఒక్కరి కాలు తడిస్తే ఒట్టు. లోపల ఒక ముసలమ్మ నిద్ర కూడా లేవలేదు, నెల్లూరు వచ్చిందా అని కలవరించింది. బస్సును గట్టున పెట్టి ఎనక్కి చూస్తే, మేడి బిగుసుకుపోయింది. రివర్సులో! రెండు చేతులతో పట్టి గుంజినాను, కాలేసి తన్నినాను, రాదు. ఎంత గట్టిగా పడిందంటే ఆ పంకా తిరిగే జోరుకు నీళ్లు ఆగినాయి. ఆగినాయా... ఎనక్కి తిరిగినాయి! వాగే రివర్సులో పడిందబ్బా! సంగం నుంచి ఎగువకు పారతా ఉండాది. చేపలకు ఏం చెయ్యాల్నో తెలీక తోకతో ఈదతా ఉండాయి."

"చేపలు ఎప్పుడూ తోకతోనే ఈదతాయి రా," అన్నాడు తిరుపాలు.

"ఇవి తోక ముందు పెట్టుకోని ఈదినాయి! వాగుతోపాటు నేనూ పోయినాను. ఆత్మకూరు దాటింది, మిట్టలు దాటింది, ఉదయగిరి కొండెక్కింది. ఆ దుర్గం మెట్లమీద నీళ్లు పైకి పారతా ఉంటే చూడాల! కొండకొసకు పోయినాక నీళ్లకు ఇంక పొయ్యే చోటు లేదు. లేచినాయి, నేరుగా మబ్బులోకి దూరినాయి."

"అందుకేనా వరికుంటపాడులో ఈ యేడు వానలు పడలా?" అని తిరుపాలు.

"అదే! వానదేవుడికే తికమక పడింది. కింద కురవాల్నా, పైకి కురవాల్నా అని. నేను కొండకొసన నిలబడి మేడి నిదానంగా న్యూట్రల్‌కు తెచ్చి, 'ఇంక పోండమ్మా' అంటే అప్పుడు దిగినాయి. నేనట్టా అనకపోతే నెల్లూరు జిల్లాలో ఈపొద్దు గుక్కెడు నీళ్లుండవు!"

పెంచలనరసయ్య గరిటె వంక, పాల గిన్నె వంక, తన వేళ్ల వంక చూసుకున్నాడు. "నాకేమీ అర్థం కాలే," అన్నాడు దిగులుగా. "ఎద్దులు కొనుక్కోని పోతాను."

అప్పటిదాకా పొయ్యి దగ్గర గొణుక్కుంటున్న ఆదిలక్ష్మమ్మ వచ్చి గరిటె లాక్కుంది.

"ఏరా కామయ్యా, దసరా పండగనాడే గదా పోయినావు?"

"దసరానాడే. జమ్మికి పొయ్యే జనమంతా చూసినారు."

"నా పెట్టకోడి ఆ కార్లో పొదగబట్టి ఈ పొద్దుకు ఇరవైయొక్క దినం. మాలయ అమావాస్యకు ముందొచ్చిన శనివారం నేనే గడ్డి పరిచి పన్నెండు గుడ్లు పెట్టినాను. డ్రైవరు సీటు మీద. ఈ పొద్దు తెల్లారి పదకొండు గుడ్లు పగిలి పిల్లలొచ్చినాయి. పొదిగే కోడి కింద గుడ్డు కుదుపుకు అదిరితే మురిగిపోతాది, ఆ మాత్రం నీకూ తెలుసు. దసరా ఆ మధ్యలోనే వచ్చి పోయింది. కారు కదిలింటే నా పిల్లలు యాడివి రా?"

పాలు పొంగి పొయ్యిలో పడినా ఎవరూ చూడలేదు. కామయ్య మాత్రం ఇంకొక్క కోత కోసినాడు.

"కోడిని కూడా తీసకపోయినా గదా అక్కా! వాగులో గుడ్లు అదరకుండా పోనిచ్చినానంటే నా గేరు ఎంత మెత్తగా..."

"సీటు మీద కోడి కూర్చోనుంటే నువ్వు యాడ కూర్చున్నావు?"

తిరుపాలు బల్ల మీంచి జారిపోయేట్టు నవ్వినాడు. మాలకొండమ్మ నవ్వలేదు.

"కామయ్యా. ఎల్లుండి సోమవారం. నాకు అబద్ధం వద్దు, నిజం చెప్పు. కారు కదలతాదా లేదా?"

కామయ్య తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. మూడు నెలల తర్వాత అతని నోట్లోంచి మొదటి నిజం వచ్చింది.

"తెలీదమ్మా. నాలుగూ ఒకటిగా అతికేసినాను. ఒకటి కదిలిస్తే నాలుగూ కదలతాయి, బండి ముందుకూ పోదు, ఎనక్కీ రాదు, ఉన్నచోటే వణకతాది. విడదీద్దామంటే ఏ కమ్మీ దేనిదో మరిచిపోయినాను. నీ మొహం చూళ్లేక ఈడ కూర్చుంటా ఉండాను."

"నేను మరిచిపోలేదు," అని మాలకొండమ్మ లేచింది. "ఆయన పక్కన ఎనిమిదేండ్లు కూర్చున్నాను. తిరుపాలూ, నీ బస్సు ఎన్నిటికి?"

"సాయంత్రం ఆరుకమ్మా."

"ఇనుము కోసే రంపం తీసుకోని రా."

అందరూ షెడ్డులో ఉన్న కారు దగ్గరికి పోయినారు. ముందు ఆదిలక్ష్మమ్మ కోడినీ పిల్లలనూ గంపకెత్తుకుంది. తిరుపాలు రంపం పట్టినాడు. మాలకొండమ్మ పక్కన నిలబడి చీర కొంగు నడుముకు దోపి చెప్పింది: సీటుకు ఆనుకున్నది గేరు, దాని కుడివైపు పొట్టిది ముందు చక్రాలది, దానికవతల ఉన్నది బరువుకు, అడుగున ఎర్ర రంగు మిగిలున్నది పంకాది. ఒక్కసారి కూడా తడుముకోలేదు. నల్లతుమ్మ మేడిని పెరికి కామయ్య చేతికిచ్చి, "మీ నాయనది, మడక్కి బిగించుకో," అంది. నాలుగు కమ్మీలు మళ్లీ నాలుగయ్యేసరికి సాయంత్రం ఐదు గంటలైంది. ఇంజను దగ్గినట్టు దగ్గి అందుకుంది. కారు ముందుకు కదిలింది. తిరుపాలు దాన్ని ఎనక్కి కూడా తీసుకొచ్చి, "ఎనకంటే ఇదిరా," అని కామయ్యకు చూపించినాడు.

సోమవారం వాగు నిండుగానే ఉంది. తిరుపాలు సెలవు పెట్టి నడిపినాడు, పక్కన మాలకొండమ్మ. కామయ్యను ఆమె వెనక సీట్లో కూర్చోబెట్టింది, అతికినవేవైనా మిగిలుండి ఊడితే చేత్తో పట్టుకునేదానికి. నీళ్లు అంచుకు తగలగానే అతను నోరు మూసుకున్నాడు, నడివాగులో కళ్లు కూడా మూసుకున్నాడు. మరుదులిద్దరూ గట్టున నిలబడి చూసినారు, తూకం మనిషిని వెంట తెచ్చుకున్నారు గూడా.

కాంట్రాక్టరు గుమాస్తా పుస్తకంలో రాసుకున్నది ఇది: "ఉదయగిరి మాలకొండమ్మ గారి పడవకారు బీరాపేరులో దిగి, ఆవలి గట్టు చేరి, తిరిగి వచ్చినది. బాడుగకు తీసుకొనడమైనది. 18-10-1954, సోమవారం, ఉదయం 9 గంటల 20 నిమిషములు."