చీటీలో లేని ప్రశ్న

ఆసుపత్రి రెండో అంతస్తు. బరువు తగ్గే ఆపరేషన్‌కి ముందు మనసు ఎలా ఉందో చూసే డాక్టరు గది. దాని ముందు ఇద్దరు.

“ఆ తలుపు తాళం వేసుందండీ, నేనూ తోసి చూశా. రండి అక్కయ్యగారూ, కూర్చోండి. ఆ రెండు కుర్చీలూ కలిపేసుకోండి. మనలాంటివాళ్ళకి ఒకటేం సరిపోతుంది!”

“కూర్చోడానికి రాలేదండీ. నేను ఆ గదిలో—”

“తెలుసు, తెలుసు. మీకూ ఆపరేషనే. చూస్తే తెలియట్లా? డాక్టరమ్మ సంతకం పెడితేగానీ చెయ్యరట. పొట్ట కొయ్యడానికి బుర్రతో పనేంటో! సమాధానాలు రాసుకొచ్చారా?”

“సమాధానాలా?”

“ఇదిగో, చీటీ. లెక్కల మాస్టర్నండీ. చీటీ పెట్టిన పిల్లల్ని బెంచీ ఎక్కించేవాణ్ణి. ఇవాళ నేనే పెట్టా.”

“మరి మిమ్మల్నీ ఎక్కించాలిగా.”

“బెంచీ ఆగొద్దూ! వినండి. దిగులుందా? లేదు. ఒంటరిగా తింటారా? లేదు. నిద్ర? హాయిగా.”

“నిజంగానా?”

“నిజం చెబితే సంతకం పెడుతుందా ఆవిడ? బడి వదిలాక స్టోర్ రూములో తలుపేసుకుని తింటా. ఆకలై కాదు. బస్తా మాస్టారంటారు నన్ను.”

“పిల్లలేగా.”

“పేరు పెట్టింది పిల్లలు. పిలిచేది హెడ్మాస్టరు.”

“ఇంట్లో చెప్పారా?”

“మా ఆవిడకి నేను జోకులేసే మనిషినండీ. కుళాయి తిప్పుకుని ఏడుస్తానని తెలీదు.”

“మాస్టారూ, ఒక్క మాట. నేను అసలు—”

“మొహమాటపడకండి, మీరూ కాపీ కొట్టుకోండి. ఇది తప్పితే నాకింకో దారి లేదు. సన్నబడ్డానంటే దిగులు దానంతటదే పోతుంది.”

“పోకపోతే?”

“ఆ ప్రశ్న చీటీలో లేదండీ.”

“లేవండి. లోపల మాట్లాడుకుందాం. తాళంచెవి నా దగ్గరుంది.”

“మీ దగ్గరా? అంటే... డాక్టరమ్మ... మీరా? మీరు ఇలా...”

“ఇలా? అనండి, ఫరవాలేదు.”

“అయ్యయ్యో. నా సంతకం పోయినట్టేనా?”

“పోలేదు. ఇవాళ పెట్టను, అంతే. ఆపరేషన్ కావాలి మీకు, నేను కాదనను. ముందు ఆ కుళాయి సంగతి చూద్దాం. వారానికోసారి రండి. మీ ఆవిణ్ణీ తీసుకురండి.”

“వస్తే పెడతారా?”

“నిజాలే చెబితే పెడతా. ఇంకొక్క ప్రశ్న. ఒళ్ళు చూసి మిమ్మల్ని ఆఖరుసారి తక్కువ చేసిందెవరు?”

“నిన్న. హెడ్మాస్టరు. మీకు... మీకూ ఇవన్నీ ఉంటాయాండీ?”

“ఉంటాయి. నన్నైతే ఇందాకే, ఒక లెక్కల మాస్టారు.”