నత్తలమ్మ సిఫారసు ఉత్తరం

హలో… ఆ, నేనే. నత్తలమ్మని… అవును బాబాయ్, నువ్వు పెట్టిన పేరే.

…బాగానే ఉన్నా. నువ్వో? …మోకాళ్ళు ఇంకా అలాగే ఉన్నాయా!

లేదు, ల్యాబ్‌లోనే ఉన్నా. నువ్వు రిటైరయ్యాక అటెండర్‌గా ఎవర్నీ వెయ్యలేదు. గాజుసామాను నేనే కడుక్కుంటున్నా… నవ్వకు.

బాబాయ్, నీతో పనిపడింది. పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కి అప్లై చేస్తున్నా… అదే, పీహెచ్‌డీ అయినవాళ్ళకి వేరే యూనివర్సిటీలో రెండేళ్ళు పరిశోధన. జీతం ఇస్తారు… ఆఁ, నత్తల మీదే. ఇంకేం వచ్చు నాకు?

…దరఖాస్తులు ఇవాళ ఐదింటికి మూసేస్తారు. ఇప్పుడు నాలుగుంపావు. వచ్చే ఏడాది నాకు అర్హత ఉండదు, పీహెచ్‌డీ వచ్చి మూడేళ్ళు దాటిపోతుంది. ఇది పోతే ఇక పరిశోధన మాట మర్చిపోవడమే.

అన్నీ నింపేశా. గైడ్‌గారి సిఫారసు ఉత్తరం ఒక్కటే మిగిలింది… ఇస్తారు, ఎందుకివ్వరు? "నువ్వే రాసి పంపమ్మా, సంతకం పెడతా" అన్నారు… అందరికీ అంతే బాబాయ్. ఎవరి ఉత్తరం వాళ్ళే రాసుకోవడం.

పొద్దుట్నుంచీ కూర్చుంటే రెండు లైన్లు వచ్చాయి. సొంత డబ్బా కొట్టుకోవడం నాకెక్కడ చేతనవుతుంది! నువ్వు ఆరేళ్ళు చూశావుగా. నాలో మంచేంటో చెప్పు, రాసుకుంటా.

…'గాజుసామాను పగలగొట్టదు.' సరే. ఇంకా?

…ఆ, ఆదివారం కరెంటు పోయినప్పుడు! నత్తల తొట్టెల్లో నీళ్ళు చెంబులతో మార్చాం, ఇద్దరం… రాస్తున్నా. 'క్లిష్ట పరిస్థితుల్లో నిబ్బరం'… అలాగే రాయాలి బాబాయ్. చెంబుల సంగతి రాస్తే నవ్వుతారు.

ఇంకో ప్రశ్న ఉంది. 'తోటివారితో ఎలా కలిసి పనిచేస్తారు?'



…అదేగా. ఎవరితో కలిశానని? ల్యాబ్‌లో మిగతా నలుగురూ టీకి కలిసి వెళ్ళేవాళ్ళు. నన్ను పిలవడం మర్చిపోయేవాళ్ళు. నేనూ అడగలేదులే.

…ఏంటీ? …అవును, సెలవుల్లో వాళ్ళ తొట్టెలకీ నేనే మేత వేసేదాన్ని. ఊరుకుంటే చచ్చిపోతాయి కదా, పాపం. వాళ్ళకి తెలీదులే.

…నువ్వు చెప్పావా? ఎప్పుడు?

…నలుగురికీనా?

…ఏం లేదు. తెలీదు కాబట్టి ఏమీ అనలేదనుకున్నా ఇన్నాళ్ళూ. తెలిసి కూడా ఒక్క మాట… పోనీలే.

ఏడవట్లేదు. జలుబు.

రాశా, వింటావా? 'ఎవరూ అడక్కపోయినా తోటివారి పనిని కాపాడింది'… బాగుందా? చివర్లో ఒకటి తప్పనిసరిగా ఉండాలి. 'ఈమెను ఆరేళ్ళుగా దగ్గరగా ఎరుగుదును.'

…నవ్వుతావేం? …నిజమే, మొన్న కూడా "నీది పీతల మీద కదమ్మా" అన్నారు గైడ్‌గారు.

…తీసెయ్యను. అబద్ధం కాదుగా అది. నీ మాట. సంతకం ఆయనది, అంతే.

…సరే, గైడ్‌గారికి పంపాలి. నాలుగూ నలభై అయింది… వద్దు, పెట్టెయ్యకు. ఆయన దగ్గర్నుంచి వచ్చేదాకా లైన్లో ఉండు. ఏమీ మాట్లాడక్కర్లేదు, ఊరికే ఉండు.

…

…అయ్యో, అప్పుడే వచ్చేసింది! సంతకం పెట్టేశారు… నిమిషం కూడా కాలేదు బాబాయ్. చదవలేదు.

…అవునులే, పని అయింది కదా. ఇదిగో, అప్‌లోడ్ చేశా… వెళ్ళిపోయింది. 'మీ దరఖాస్తు అందినది.'

…ఆ, వినపడుతోంది, మీ ఇంట్లో నిన్ను పిలుస్తున్నారు. వెళ్ళు… బాబాయ్, ఒక్క నిమిషం. ఆ ఉత్తరం ఇంకోసారి చదవనా? మొత్తం… పెద్దదేం కాదు, పేజీయే…

హలో?

…హలో?