ఒక్క నిమిషం చల్లారనిద్దాం

కారు కొన్న రోజు నుంచి మావయ్య అసలు పేరు అందరూ మర్చిపోయారు. ఇంట్లో, వీధిలో, ఆఫీసులో ఆయన టర్బో మావయ్యే. ఆ బిరుదు ఆయనకు ఆయనే ఇచ్చుకున్నాడని అత్తయ్య అంటుంది. ఎవరిస్తేనేం, మోసేది ఆయనే, అదీ మహా సంబరంగా.

ఆ పొద్దున ఆయన మేనకోడలికి పదకొండింటికి ఇంటర్వ్యూ. కొండ దారి దాటి యాభై కిలోమీటర్ల అవతల, కార్ల షోరూములో, సర్వీసు విభాగంలో ఉద్యోగం. ఆటోమొబైల్ డిప్లొమా చేసి రెండేళ్లుగా ఇంట్లో కూర్చున్న పిల్లకు ఇన్నాళ్లకు వచ్చిన పిలుపు. "తొమ్మిదింబావు బస్సెక్కు, వాణ్ణి నమ్ముకోకు" అని నాన్న పోరుతూనే ఉన్నాడు. "బస్సా! నేనుండగానా!" అని మావయ్య అంతెత్తున లేచాడు. కాదంటే ఆయన ఎంత చిన్నబుచ్చుకుంటాడో ఆమెకు తెలుసు. ఫైలు పట్టుకుని కారెక్కేసింది.

పట్టుమని పది నిమిషాలు కాలేదు, బస్టాపు ఎదురుగా టీ కొట్టు దగ్గర కారు ఆగింది. కారు ఆగింది గానీ ఇంజిన్ ఆగలేదు. బెంచీ మీద పక్క షెడ్డు మెకానిక్కు, రిటైరైన పోస్టుమాస్టరు కూర్చుని ఉంటే, కొట్టు నడిపే అక్క టీ కాస్తూ ఉంటే, మాట్లాడకుండా వెళ్లిపోవడం ఆయన వల్ల అయ్యే పని కాదు.

"బండి ఆపవేమయ్యా?" అన్నాడు పోస్టుమాస్టరు.

"టర్బో బండి మాస్టారూ! టక్కున ఆపకూడదు. లోపల ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్లు తిరిగి ఎర్రగా కాలి ఉంటుంది. ఆయిల్ పారి అది చల్లారాలి. ఒక్క నిమిషం అలా వదిలెయ్యాలి. ఏమ్మా, నిజమా కాదా?"

నిజమే. గట్టిగా తోలాక అలాగే చెయ్యాలని ఆమె చదువుకుంది. వీధి చివరి నుంచి రెండో గేరులో నడిచొచ్చిన బండికి చల్లార్చాల్సిందేముందో మాత్రం ఏ పుస్తకంలోనూ చదవలేదు. తలూపి గడియారం చూసుకుంది. ఎనిమిదీ నలభై.

"మొన్న కొండెక్కుతున్నానండీ," మావయ్య టీ గ్లాసు అందుకున్నాడు. "ముందు సిమెంటు లారీ. నాది చూడబోతే వెయ్యి సీసీ, మూడే మూడు సిలిండర్లు. ఎవరైనా ఏమనుకుంటారు, వెనకాలే పాక్కుంటూ పోవాలనుకుంటారు. నేను మూడో గేరులో ఇలా తొక్కాను, అంతే! నూట ఇరవై హార్స్‌పవర్! నూట ఇరవై గుర్రాలు ఒక్కసారి లేచాయి. లారీ వెనక్కి పోయింది."

"బాగానే ఉంది," అన్నాడు మెకానిక్కు, టీ ఊదుకుంటూ.

"బాగానే ఏంటి తమ్ముడూ! ఆ తర్వాత ఏమైందో తెలుసా? అద్దంలో చూస్తే లారీ ఇంకా నా వెనకే వస్తోంది. ఏంట్రా ఇది, వీడికీ టర్బోనా అని చూస్తే, వాడి ఇంజిన్ ఆగిపోయి ఉంది! నా బండి లేపిన గాలే దాన్ని ఈడ్చుకొచ్చేస్తోంది. నూట యాభై గుర్రాలంటే మాటలా!"

"ఇందాక నూట ఇరవై అన్నావు," అంది అక్క.

"అది కింద అక్కా. పైకి పోయేకొద్దీ పెరుగుతాయి."

మేనకోడలికి నవ్వొచ్చింది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి మామూలు ఇంజిన్ నీరసపడుతుందని, టర్బో ఉన్నది అంతగా నీరసపడదని ఆమెకు తెలుసు. పెరగడమన్నది మాత్రం మావయ్య కనిపెట్టిందే. తొమ్మిది కావస్తోంది. "మావయ్యా, చల్లారిందేమో, ఇంజిన్ ఆపరాదూ? లేదంటే బయల్దేరదామా?" అంది.

"ఆపడమెందుకు తల్లీ, ఇదిగో, ఇది చెప్పేసి వచ్చేస్తా," ఆయన గబగబా అందుకున్నాడు. "కొండ మీద పొగమంచు మాస్టారూ! చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. బస్సులు, జీపులు, అన్నీ బారులు తీరి ఆగిపోయాయి. నేను న్యూట్రల్‌లో పెట్టి ఒక్క తొక్కు తొక్కాను. టర్బో గాలి పీల్చడం మొదలెట్టింది. మంచంతా సుళ్లు తిరుగుతూ వచ్చి బోనెట్‌లోకి దూరింది! రెండు నిమిషాల్లో కొండంతా కడిగినట్టు తేలింది. ఎదురుగా ఎగురుతున్న కొంగలు వెనక్కి ఎగరడం మొదలెట్టాయి, పాపం. ఓ బస్సు డ్రైవరు టోపీ కూడా పోయింది. మర్నాడు సైలెన్సర్‌లోంచి తీసి ఇచ్చాను."

"కాలిపోలేదా టోపీ?" అన్నాడు పోస్టుమాస్టరు.

"ఇస్త్రీ చేసినట్టు వచ్చింది!"

అందరూ పగలబడి నవ్వారు. మెకానిక్కు మాత్రం గ్లాసులోకి చూస్తూ నవ్వుకున్నాడు. ఆమె ఆ నవ్వు గమనించింది. అసలు సంగతి తెలిసిన మనిషి నవ్వులా అనిపించింది.

"ఇక బండి నమ్మకం సంగతంటావా, కొని మూడేళ్లు తమ్ముడూ! బోనెట్ ఎత్తిన పాపాన పోలేదు. మెకానిక్కు మొహం చూడలేదు."

"అవునవును," అన్నాడు మెకానిక్కు, ఆ మొహం పక్కకు తిప్పుకుని.

తొమ్మిదీ ఐదు. "మావయ్యా, ఒక్కసారి ఆపి..."

"ఆగమ్మా, అసలుది చెప్పలేదు!" ఆయన బెంచీ మీంచి లేచి నిలబడిపోయాడు. గ్లాసులో టీ ఒలికిపోతోంది. "దిగేటప్పుడు బ్రేకు వేశాను. మూడొందల గుర్రాలు ముందుకి గుంజుతున్నాయి, చక్రాలు రోడ్డుని కరుచుకున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బండి కదల్లేదు, రోడ్డు కదిలింది! చాప లాగినట్టు మడతలు పడి ఇవతలికి వచ్చేసింది. ఆ రోజు నుంచి కొండవతల ఊరు మనకి నాలుగు కిలోమీటర్లు దగ్గరైంది. కావాలంటే కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టుకోండి!"

అప్పటికి ఆమెకు అర్థమైంది. ఆపుదామన్నప్పుడల్లా ఓ కొత్త కథ పుట్టుకొస్తోంది. ఆమెకు భయం వేసింది. ఈ బండి కొండ మధ్యలో ఆగితే రెండేళ్లు ఎదురుచూసిన ఉద్యోగం అక్కడే ఆగిపోతుంది. మావయ్యను నలుగురిలో చిన్నబుచ్చాలని లేదు, కానీ దూరంగా బస్సు హారన్ వినపడింది. లేచి కారు దగ్గరికి నడిచి, కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పింది. ఇంజిన్ ఆగింది. మళ్లీ తిప్పింది.

టిక్.

ఇంకోసారి. టిక్.

కొట్టు దగ్గర ఎవరూ నవ్వలేదు. మావయ్య నెమ్మదిగా గ్లాసు కింద పెట్టి ఆమె పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"పొద్దున పాలతను తోస్తేనే స్టార్టయింది తల్లీ," అన్నాడు, ఆమెకు మాత్రమే వినపడేలా. "నిన్ను నేనే దింపాలని..."

ఆమెకు కోపం రాలేదు. ఆయన మొహం చూస్తే జాలేసింది. బస్సు వచ్చి ఆగింది. ఫైలు తీసుకుంటూ అడిగింది: "ఇంటర్వ్యూలో టర్బో ఇంజిన్ నమ్మకమైనదేనా అని అడుగుతారు మావయ్యా. ఏం చెప్పమంటావు?"

ఆయన ఆ పొద్దున మొదటిసారి ఆలోచించి మాట్లాడాడు. "ఇంజిన్ బంగారం తల్లీ. ఆయిల్ వేళకి మారిస్తే చాలు. బ్యాటరీ మార్చమని మెకానిక్కు మూడుసార్లు చెప్తే వినని వాణ్ణి మాత్రం నమ్మొద్దని చెప్పు."

ఆమె నవ్వేసి, ఆయన చెయ్యి గట్టిగా నొక్కి, పరుగున బస్సెక్కింది. టైముకి చేరుకుంటుంది. కిటికీ పక్కన కూర్చుని వెనక్కి చూసింది. మెకానిక్కు, పోస్టుమాస్టరు, కొట్టు అక్క ముగ్గురూ కారు వెనక చేరి చేతులు ఆనించారు. మావయ్య స్టీరింగ్ ముందు కూర్చుని అప్పుడే గొంతు సవరించుకున్నాడు.

"గట్టిగా తొయ్యండి! ఒక్కసారి అందుకుందంటేనా, మిమ్మల్ని కూడా లాక్కుపోతుంది!"

"నాయనా," పోస్టుమాస్టరు ఆయాసపడుతూ అరిచాడు, "మూడొందల గుర్రాలున్నాయన్నావు కదా. ఒక్కదాన్ని కిందికి దింపు, మాతో పాటు తోస్తుంది."